మూర మీద బెత్తెడు

మా మేనత్తకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉండేది. మీటరు.

"మీటరంటే ఎవరి చెయ్యి?" అని అడిగేది. ఎవరి చెయ్యీ కాదత్తా, అదొక లెక్క అంటే, "చెయ్యే లేనిది కొలత ఎట్లా అవుతుందే?" అని నా నోరు మూయించేది. లేఖనాల్లో నోవహు ఓడ మొదలుకొని రాజుల మేడల దాకా అన్నీ మూరలతోనే కట్టారట, ఒక్కటీ కూలలేదట. కూలినవి కూడా ఉన్నాయి కదా అంటే, అవి కూల్చినవి, కూలినవి కావనేది. మా ఆసుపత్రి కొత్త భవనం మాత్రం మీటర్లతో కట్టారు. వాన పడితే పై అంతస్తు కారుతుంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి ఆమె నావైపు చూసేది.

అందుకే ఆమె పేరు మూరత్త. ఆ పేరు పెట్టింది నేను కాదు, ఆసుపత్రి. అక్కడి కుట్టుగదిలో కటింగు ఆమెది. రోగుల గౌన్లు, డాక్టర్ల కోట్లు, ఊడ్చేవాళ్ల నీలం కోట్లు, అన్నీ ఆమె కత్తెర కిందనుంచి రావలసిందే. నేను అదే ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఖాళీ దొరికినప్పుడు కార్మిక సంఘం కార్యదర్శిని. ఖాళీ లేనప్పుడు కూడా అదేనని ల్యాబు డాక్టరుగారి ఫిర్యాదు.

మా అత్త బడికి వెళ్లింది తక్కువ. చదవడం నేర్చుకుంది ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకంలో, అంటే లేఖనాల్లోనే. అయితే యుద్ధాలూ సింహాలూ ఉన్న పేజీలన్నీ ఆమె తమ్ముడు, అంటే మా నాన్న, ముందే ఆక్రమించుకున్నాడు. ఈమెకు మిగిలినవి అందరూ గబగబా తిప్పేసే పేజీలు: గుడారం తెర ఎన్ని మూరలు, బల్ల అంచు ఎంత వెడల్పు, ఎవరు ఎవరిని కన్నారు. ఆమె వాటినే కథలనుకుని చదివింది. పెద్దయ్యాక నిజం తెలిసినా పట్టించుకోలేదు.

ఒకసారి పక్కింటావిడ పిండి అడగడానికి వచ్చింది. మా అత్త ఒక ఓమెరు ఇస్తానంది.

"ఓమెరంటే ఎంతక్కా?"

"ఏఫాలో పదో వంతు."

"ఏఫా అంటే?"

"అదేంటమ్మా, పది ఓమెర్లు."

పక్కింటావిడ గిన్నె చాపి, మళ్లీ అడిగే ధైర్యం లేక, ఎంత పోస్తే అంత పట్టుకుపోయింది. గిన్నె మాత్రం నిండుగానే వెళ్లింది. మా అత్త కొలతలన్నిటికీ ఈ గుణం ఉండేది. ఎంతో ఎవరికీ తెలియదు, తక్కువని ఎవరూ అనలేరు.

ఆమెకు నీరసంగా ఉంటే మా ఆసుపత్రిలోనే కొత్త డాక్టరుకి చూపించాను. రోజుకి నీళ్లెన్ని తాగుతారని అతను అడిగాడు. "ఒక హీను" అంది. డాక్టరు కలం ఆపి ఆలోచించాడు. తెలియదని ఒప్పుకోవడం వృత్తికి తక్కువ కదా, గంభీరంగా తలాడించి, "సరిపోదు, రెండు తాగండి" అన్నాడు. రెండు హీన్లంటే చిన్న బిందెడు. ఆ వారమంతా మా అత్త కుట్టుగదిలో కన్నా దాని బయట వరండా చివర ఎక్కువ కనిపించింది. డాక్టరు మీద మాత్రం గురి కుదిరిపోయింది. కొలతలు తెలిసిన కుర్రాడని అందరికీ చెప్పేది.

కొలతల తరవాత ఆమె పిచ్చి పేర్లు. మనుషులకు తల్లిదండ్రులు పెట్టినవి తాత్కాలికమని ఆమె నమ్మకం. అసలు పేరు లేఖనాల్లో ఎక్కడో ఉంటుంది, వెతికి తగిలించాలి. గేటు దగ్గర కాపలా ఉండే మనిషి ఆమె భుజం దాకా వచ్చేవాడు. అతనికి ఆరు మూరల జానెడు ఎత్తున్న గొల్యాతు పేరు పెట్టింది. ఆ రోజునుంచి అతను టోపీ కాస్త ఎత్తి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి లిఫ్టు పేరు యోనా చేప. అది మనుషుల్ని మింగి, తనకు తోచినప్పుడు, తనకు తోచిన అంతస్తులో కక్కుతుంది. ఆమె పెద్ద కత్తెర పేరు ఏహూదు. లేఖనాల్లో ఆ పేరుగల ఆసామి మూరెడు కత్తితో ఒక బొజ్జ రాజు పని పట్టాడట. పొట్ట ముందుకొచ్చిన పెద్ద డాక్టర్లు కొలతలిస్తున్నప్పుడు ఆమె మెల్లగా "ఏహూదూ, ఇట్రా" అని బల్లమీద చెయ్యి చాపితే, కథ తెలియకపోయినా వాళ్లు ఊపిరి బిగబట్టేవారు.

నా పేరు మహేరు షాలాల్ హాష్ బజ్. తొందర అనే అర్థం వస్తుందట. లేఖనాలన్నిట్లోకీ పొడుగు పేరట. నా తొందర మీద మా అత్తకున్న కసి అంతా ఆ పేరులో ఉంది. "మహేరు షాలాల్ హాష్ బజ్, టీ చల్లారిపోతోందే" అని ఆమె పిలవడం పూర్తయ్యేసరికి టీ నిజంగానే చల్లారేది.

ఇక స్టోర్సు ఆఫీసరుగారు. గుడ్డ తాన్లు, సూదులు, దారాలు, సబ్బులు, చీపుళ్లు అన్నీ ఆయన తాళం కింద ఉండేవి. ప్రతి ఏడూ గుడ్డ తగ్గించి కోట్లు పెంచమనేవాడు. లేఖనాల్లో గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చెయ్యమన్న రాజు ఉన్నాడు కదా, మా అత్త ఆ పేరే తగిలించింది: ఫరో. ఈ సంగతి ఆయన చెవిన పడింది. గొల్యాతుని పిలిచి ఫరో అంటే ఎవరని అడిగాడు. "చాలా గొప్ప రాజండీ" అన్నాడు గొల్యాతు. మిగతాది చెప్పలేదు. ఆ మాటకి ఆఫీసరుగారు ఎంత మురిసిపోయాడంటే, కొన్నాళ్లు ఎవరు సెలవడిగినా ఇచ్చాడు.

జేబుల గొడవ తెచ్చింది కూడా ఆయనే. స్టోర్సులో సబ్బులు తగ్గుతున్నాయని, ఊడ్చేవాళ్ల కోట్లకు జేబులు వద్దని ఉత్తర్వు వేశాడు. జేబు ఉంటే దొంగతనం వస్తుందని ఆయన సిద్ధాంతం. చేతులు కూడా తీసేయిస్తారా అని నేను మీటింగులో అడిగాను. నా ప్రశ్నకు చప్పట్లు వచ్చాయిగాని జేబులు రాలేదు. అయితే ఆయన్ని ఒక్క మాట మెచ్చుకోవాలి. అందరికీ ఆదర్శంగా ఉండాలని తన కోటుకి కూడా జేబులు తీయించేసుకున్నాడు. అప్పట్నుంచి ఆయన కలం చెవి మీద, కళ్లద్దాలు నెత్తి మీద, తాళాల గుత్తి వేలికి. వారానికోసారి ఆసుపత్రి అంతా ఆయన కళ్లద్దాలు వెతికేది. అవి ఎప్పుడూ నెత్తి మీదే ఉండేవి కావు, అదొక బాధ.

మా సంఘం ఊరుకోలేదు. ఊడ్చే ఆడవాళ్లు తెల్లారకముందే ఇల్లు వదిలి వస్తారు. ఇంటి తాళం, ఆయాసం మందు, ఫోను, నెలసరి గుడ్డ, ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? ఒక చేత్తో చీపురు, ఒక చేత్తో బకెట్టు, మూడో చెయ్యి ఆసుపత్రి ఇవ్వలేదు. జేబు మా హక్కు అని గేటు దగ్గర ధర్నా చేశాం. ఆడవాళ్లంతా నీలం కోట్లతో వచ్చి గొంతు చించుకున్నారు. నేను మైకు పట్టుకుంటే కళ్లు తుడుచుకున్న వాళ్లు కూడా ఉన్నారు. మా అత్త మాత్రం కుట్టుగది కిటికీలోంచి తొంగి చూసి లోపలికి వెళ్లిపోయింది.

నాకు మండింది. తన చేత్తో కత్తిరించే కోట్లే కదా, వచ్చి ఒక్క మాట చెప్పొచ్చుగా అని నిలదీశాను. "జేబుల సంగతి నాకెందుకే? నేను కొలతల మనిషిని" అంది. అని, ఏహూదుని చేతిలోకి తీసుకుంది. ఆమె ఏహూదుని తీసుకుందంటే మాటలు అయిపోయాయని అర్థం.

ఆ కుట్టుగది గురించి చెప్పాలి. నేల అంతస్తు చివర, బట్టలుతికే గది పక్కన, ఎప్పుడూ ఆవిరీ సబ్బు వాసనా. మధ్యలో పొడవాటి కటింగు బల్ల, గోడవారన కుట్టుమిషన్లు, మిషన్ల ముందు నలుగురు టైలర్లు. మా అత్త మెడలో టేపు దండలా వేలాడేది గాని, దాన్ని ఆమె వాడటం ఎవరూ చూడలేదు. మోచెయ్యి గుడ్డ మీద ఆన్చి, వేలి కొస దగ్గర సుద్దగీత పెట్టి, మళ్లీ మోచెయ్యి అక్కడికి జరిపేది. చివర్న ప్రతి కోటుకీ నాలుగు వేళ్లు పక్కకి వేసి బెత్తెడు ఎక్కువ వదిలేది. "మూర మీద బెత్తెడు" అనేది, తాళం వేసినట్టు. మామూలు మూర వేరట, ఆలయం కొలిచిన మూర వేరట. ఆలయం మూరకి బెత్తెడు ఎక్కువట. "రాళ్లకే బెత్తెడు ఎక్కువ వేశారు, ఒంటికి వెయ్యొద్దా?" అని అడిగేది.

ఒకసారి ఆమె జ్వరంతో ఇంట్లో పడుకుంటే, మగ టైలరు ఒకతను, తాటిచెట్టంత మనిషి, తానే కటింగు చేశాడు. మూరలు అవే, లెక్క అదే. కాకపోతే చెయ్యి అతనిది. ఆపరేషను గదికి వెళ్లిన పైజమాలు డాక్టర్ల చంకల దాకా వచ్చాయి. ఒక డాక్టరుగారు పైజమా కాలు తొక్కుకుని రోగి కన్నా ముందు తానే బల్లెక్కేశాడు. మా అత్త జ్వరంలోనే లేచి వచ్చి, ఆ టైలరు చెయ్యీ తన చెయ్యీ పక్కపక్కన పెట్టి చూపించింది. "మూరలు నీవి కాదు నాయనా, నావి. ఈ గదిలో మూరంటే నాది" అంది. మిషన్ల మీద నవ్వు ఆగలేదు. అప్పట్నుంచి ఆ గదిలో ఏ కొలత చెప్పినా ఎవరో ఒకరు "ఎవరి మూర?" అనేవారు, మిగతావాళ్లు "అత్త మూర" అనేవారు.

ఇంకొక చాదస్తం కూడా ఉండేది. కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ల భుజం, నడుం చూశాక, కుడి అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని కాసేపు చూసేది. లోపల వేళ్లు కదిపేది. జాతకం చెబుతుందేమోనని వాళ్లు ఎదురుచూసేవారు. ఏమీ చెప్పేది కాదు. "ఊ, వెళ్లు" అనేది.

ఇట్లా ఉండగా ఫరోకి గుడ్డ లెక్క తేడా కనిపించింది. కోట్లు ఎన్నో, గుడ్డ ఎంతో ఆయనకి తెలుసు. ఎప్పుడూ కాస్త గుడ్డ మాయమవుతోంది. బయట కంపెనీ ఒకటి కుట్టిన కోట్లే తెచ్చిస్తానని అప్పటికే ఆయన చుట్టూ తిరుగుతోంది. కుట్టుగదిలో గుడ్డ పోతోందని తేలితే గది మూసేయొచ్చు. మా అత్తకి, నలుగురు టైలర్లకి ఆ రోజే ఆఖరి రోజు. ఈ మాట ఆయన దాచలేదు, నోటీసు బోర్డు మీద పెట్టాడు. మర్నాడు తనిఖీకి వస్తున్నానని కూడా.

మర్నాడు కుట్టుగది కిటకిటలాడింది. నేను సంఘం తరఫున వెళ్లాను. ఊడ్చే ఆడవాళ్లు చీపుళ్లతో సహా గుమ్మంలో నిలబడ్డారు. గొల్యాతు గేటు వదిలేసి వచ్చాడు. ఫరో కొత్త స్టీలు టేపుతో వచ్చాడు, సర్రుమని సాగి టప్పుమని ముడుచుకునేది. మా అత్త దాన్ని పాముని చూసినట్టు చూసింది.

ఒక కోటు కత్తిరించి చూపించమన్నాడు. మోచెయ్యి ఆన్చింది, సుద్దగీత పెట్టింది, జరిపింది. చివర్న నాలుగు వేళ్లు వేసింది.

"అదేంటి?"

"బెత్తెడండి."

"ఎందుకు?"

"మూర మీద బెత్తెడు సార్. మొదట్నుంచీ అంతే."

ఫరో గుమ్మంలోంచి ఒకామెను పిలిచాడు. నేల మీద పడినవన్నీ ఏరి పక్కన పెడుతుందని మా అత్త ఆమెకు, లేఖనాల్లో పొలంలో పరిగె ఏరుకున్న రూతు పేరు పెట్టింది. రూతు కోటు పొడవు, చేతులు, నడుం అన్నీ ఆయనే కొలిచాడు. ఉండాల్సినంతే ఉంది, వేలెడు ఎక్కువ లేదు. ఆయన మొహం వెలిగింది.

"కోటు సరిగ్గా ఉంది. జేబు లేదు, మడత లేదు. మరి కోటుకో బెత్తెడు చొప్పున ఎక్కువ కోసిన గుడ్డ ఎక్కడికి పోయిందమ్మా? ఇంటికా?"

గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి. జీవితంలో మొదటిసారి మా అత్త తన మెడలోని టేపుని వేళ్లతో నలపడం చూశాను. నేను గొంతు సవరించుకున్నాను, ఉపన్యాసం మొదలుపెట్టడానికి.

అప్పుడు రూతు కోటు మోగింది.

మంచి హుషారైన పాట. జేబు లేని కోటు లోపలినుంచి. గది మొత్తం పైకప్పు వంక చూసింది. నాది కాదన్నాడు గొల్యాతు, ఎవరూ అడగకుండానే. ఫరో రూతు చుట్టూ ఒకసారి తిరిగాడు. పాట ఆమెతో పాటే ఉంది.

"ఎత్తవే, ఇంటినుంచేమో" అంది మా అత్త నెమ్మదిగా.

రూతు ఎడమ పక్క కుట్టులోకి చెయ్యి పోనిచ్చింది. మణికట్టు దాకా వెళ్లిపోయింది. ఫోను తీసి, "పనిలో ఉన్నానే, పాలు పొంగితే దించు" అని మళ్లీ అదే కుట్టులో దాచేసింది. పైన చూస్తే కుట్టు తప్ప ఏమీ లేదు.

ఫరో అందర్నీ జేబులు ఖాళీ చెయ్యమన్నాడు. లేని జేబులు ఖాళీ చెయ్యమని చెప్పిన మొదటి ఆఫీసరు ఆయనే అయ్యుంటాడు. కటింగు బల్ల మీద వస్తువులు పరుచుకున్నాయి. ఇంటి తాళాలు. ఆయాసం మందు. మాత్రలు. కళ్లజోడు. ఒక పసిబిడ్డ సాక్సు. చివరికి ఒక సబ్బు కూడా. ఫరో దాన్ని ఎత్తి వాసన చూశాడు. ఆసుపత్రి సబ్బు తెలుపు, ఇది ఎరుపు. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి మీరు మాకు సబ్బివ్వరు కదా, ఇంటినుంచి తెచ్చుకుంటున్నానని దాన్ని బల్ల మీద పెట్టినామె చెప్పింది. ఫరో సబ్బుని చాలా జాగ్రత్తగా, గాజుబొమ్మలా బల్ల మీద పెట్టేశాడు.

ధర్నాలో జేబు మా హక్కని గొంతు చించుకున్న వాళ్లందరి కోట్లలోనూ అప్పటికే జేబులున్నాయి. కళ్లు తుడుచుకున్నామె ఆ రుమాలు ఎక్కడినుంచి తీసిందో నాకప్పుడు తట్టింది. టైలర్లకి తెలుసు, బట్టలుతికే గది వాళ్లకి తెలుసు, గొల్యాతుకి తెలుసు.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"నీకు చెబితే మైకులో చెబుతావు కదే."

ఎవరో ఫక్కున నవ్వారు. ఫరో నవ్వలేదు. ఉత్తర్వు ధిక్కరించడమంటే చిన్న విషయం కాదని, పైకి రాస్తానని, గది సంగతి తేలుస్తానని మొదలుపెట్టి, రాయడానికి కళ్లద్దాల కోసం నెత్తి తడుముకున్నాడు. లేవు. చుట్టూ చూశాడు. లేవు.

"సార్," అంది మా అత్త. "మీ కోటు కత్తిరించింది కూడా నేనే."

"అయితే?"

"ఎడమ పక్క కుట్టు దగ్గర చెయ్యి పెట్టి చూడండి."

ఆయన పెట్టాడు. వేళ్లు లోపలికి పోయాయి. అరచెయ్యి పోయింది. మణికట్టు దగ్గర ఆగింది. ఆయన మొహంలో ముందు కోపం, తరవాత అనుమానం, ఆ తరవాత, ఎట్లా చెప్పాలి, చలిలోంచి ఇంట్లోకి వచ్చిన మనిషి మొహం కనిపించింది. చెయ్యి బయటికి తియ్యలేదు.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే విప్పించేస్తారు. ఎప్పుడో ఒకప్పుడు మీకే తగులుతుందిలే అనుకున్నా."

ఆయన లోపల వేళ్లు కదుపుతున్నట్టు గుడ్డ మీద తెలుస్తోంది.

"సరిగ్గా పట్టింది" అన్నాడు, తనలో తాను మాట్లాడుకున్నట్టు. తరవాత, ఆ గదిలో అందరూ ఆడే మాట తనకు తెలియకపోయినా, "ఎవరి బెత్తెడు ఇది?" అన్నాడు.

నలుగురు టైలర్లూ అలవాటు కొద్దీ "అత్త..." అని మొదలుపెట్టారు. మా అత్త చెయ్యెత్తి ఆపింది.

"మీదే సార్. కొలతలిచ్చిన రోజు చెయ్యి చూశాగా. మూర నాది పెడతాను, బెత్తెడు మాత్రం ఎవరిది వాళ్లదే. నా చెయ్యి పట్టే జేబు మీకెందుకు?"

ఆడవాళ్లంతా తమ అరచేతుల వంక చూసుకున్నారు. జాతకం చెప్పలేదని ఇన్నాళ్లు నిరుత్సాహపడ్డ చేతులు.

"మరి నాకెందుకు? ఉత్తర్వు వేసింది నేనే కదా" అన్నాడు ఫరో. ఈసారి అది ఆఫీసరు గొంతు కాదు.

"ఉత్తర్వు వేసినంత మాత్రాన చేతులు పోవు కదా సార్" అంది మా అత్త. "ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి. అడుగు మూలన తడిమి చూడండి, ఏదో గట్టిగా ఉంది. ఉతుకుడు గది వాళ్లు చెప్పారు."

ఆయన మూలదాకా వేళ్లు పోనిచ్చి, పాత కళ్లద్దాల జత ఒకటి బయటికి తీశాడు. ఏనాడో నెత్తి మీదినుంచి జారి, పక్క కుట్టులోంచి జేబులో దిగి, ఎన్నో ఉతుకులు తట్టుకున్నట్టున్నాయి. ఒక అద్దం పగిలింది. రెండోది మాత్రం మెరిసిపోతోంది.

గది మూతపడలేదు. ఆ తరవాత ఆయన పైకి పంపిన నివేదికలో ఈ రకం గుడ్డ ఉతికితే ముడుచుకుపోతుందని, అందుకని కోటుకో బెత్తెడు ఎక్కువ ఇవ్వక తప్పదని ఉంది. బెత్తెడు అన్న మాట చూసి పైవాళ్లు అదెంతని అడిగారట. ఆయన ఏం జవాబిచ్చాడో మాకు తెలియదు. పక్కింటావిడకి రానట్టే వాళ్లకీ మళ్లీ అడిగే ధైర్యం రాలేదని మాత్రం తెలుసు.

నేను మా అత్తతో ఇంకా పోట్లాడుతూనే ఉన్నాను. దాచుకోవాల్సిన జేబు ఎంత బాగున్నా దయే అవుతుంది, అందరికీ కనిపించేలా పైన కుట్టిన జేబే హక్కు అని నా వాదన. వచ్చే ధర్నాకి రమ్మన్నాను. వస్తానంది. నినాదం కూడా తానే రాస్తుందట. దానికి ఎన్ని మూరల గుడ్డ కావాలో లెక్క వేస్తోంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది: పైన కుట్టినా సరే, బెత్తెడు ఎవరిది వాళ్లదే.

స్టోర్సు ఆఫీసరుగారు ఇప్పుడు వరండాలో ఎడమ చెయ్యి కోటు కుట్టులో పెట్టుకుని నడుస్తాడు. మా అత్త ఆయన పేరు మార్చేసింది. చెరలో ఉన్నవాళ్లని ఇళ్లకు పంపించిన రాజు ఒకాయన ఉన్నాడు కదా, కోరెషు, ఆ పేరు. ఆ మాట చెవిన పడగానే ఆయన మళ్లీ గేటు దగ్గరికి వచ్చి, కోరెషు అంటే ఎవరని గొల్యాతుని అడిగాడు.

"ఆయన కూడా రాజేనండి" అన్నాడు గొల్యాతు, టోపీ ఎత్తి పెట్టుకుంటూ. ఈసారి మిగతాది కూడా చెప్పాడు.